చావడం మరిచిపోయిన పెద్దాయన

ఆ పెద్దాయనను నేను హైదరాబాదు నుంచి తెనాలికి నడుముకు కట్టుకుని తెచ్చాను. ఉలిక్కిపడకండి, మొత్తం మనిషిని కాదు. ఆయన చర్మంలోని కణాలను. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ఫ్లాస్కు, దాని నిండా ఎర్రటి పోషక ద్రవం, అడుగున కంటికి ఆనని పల్చటి పొరగా పరుచుకున్న కణాలు. వాటికి ఎప్పుడూ మనిషి ఒంటి వేడి కావాలి. రైల్లో అంత వేడి ఇచ్చే యంత్రం లేదు కాబట్టి నా పరిశోధనకు గైడైన ప్రొఫెసరు గారు, "నువ్వే యంత్రం అనుకోమ్మా" అని ఫ్లాస్కు చేతిలో పెట్టేశారు. మెత్తటి తువ్వాల్లో చుట్టి పొట్టకు ఆనించి కట్టుకుని, పైన చీర కొంగు కప్పుకుని పగటి బండి ఎక్కాను. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని జాగ్రత్తగా నిలబడ్డ నన్ను చూసి ఎదురు సీటు పెద్దావిడ "ఎన్నో నెలమ్మా?" అంది. అసలు సంగతి చెబితే అర్థమయ్యేసరికి ఖమ్మం దాటుతుంది. "ఐదోదండి" అన్నాను. కిటికీ పక్క సీటు, రెండు జామకాయలు దక్కాయి.

ఇది తొంభైల మధ్యలో మాట. తెనాలిలో కాపురం, బాపట్లలో ఒక కాలేజీలో జీవశాస్త్రం లెక్చరర్ ఉద్యోగం, దాంతోపాటే పరిశోధన. నాకు ముక్కు మీద కోపం. ఇది ముందే చెప్పేస్తే మంచిది, ఎలాగూ కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మన ఒంట్లోంచి తీసిన మామూలు చర్మకణాలను సీసాలో పెంచితే ఓ నలభై యాభై సార్లు రెండుగా చీలి, ఇక చాలనుకుని ఆగిపోతాయి. ఆ తరవాత ఎంత బతిమాలినా పెరగవు. ఎక్కడో పరాయి దేశంలో ఒక పెద్దాయన ఒంటి నుంచి తీసిన చర్మం ముక్క మాత్రం అలా ఆగలేదు. ఆగాల్సిన చోట ఆగడం మరిచిపోయింది. తిండి పెడుతూ, ఇరుకైనప్పుడల్లా కొత్త ఫ్లాస్కులోకి మారుస్తూ ఉంటే చాలు, బతుకుతూనే ఉంటుంది. చావు లేని కణాలంటారు వీటిని. చావు లేదన్నది వాటంతట అవి చావవన్న అర్థంలోనే. మనం చంపితే నిక్షేపంగా చస్తాయి. ఈ రెండో ముక్క నాకు తరవాత బాగా తెలిసొచ్చింది.

తెనాలిలో దిగి ఇంటికి రాగానే మా అత్తగారు అడ్డంగా నిలబడింది.

"ఎవరి చర్మమే అది?"

"ఎవరో పెద్దాయనదత్తయ్యా. పేరు తెలీదు."

"ఉన్నాడా, పోయాడా?"

"అదీ తెలీదు."

"పోయినాయనైతే మైల, ఉన్నాయనైతే చుట్టం. అది తేలేదాకా వంటింటి వైపు తీసుకురాకు" అని తీర్పు చెప్పింది. పెద్దాయన ఆ పూట వసారాలో నా ఒళ్లోనే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున ప్యాసింజర్లో బాపట్ల చేరాడు.

కాలేజీలో మాకిచ్చిన గది అంతకుముందు ఆటసామాన్ల కొట్టు. గాలి చొరబడకుండా లోపల చేతులు పెట్టి పనిచేసుకునే అద్దాల పెట్టెను బాపట్ల వడ్రంగి చేసిచ్చాడు. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లోకి కార్బన్ డయాక్సైడ్ కావాలి. దాని సిలిండరు తెనాలి సోడా ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకునేవాళ్ళం. ఆ ఫ్యాక్టరీ ఆయన నెలనెలా "మేడంగారూ, ఇంతకీ సోడాకొట్టు ఎప్పుడు తెరుస్తున్నారు?" అని అడిగేవాడు. అన్నేళ్ళూ ఆ ఒక్క జోకుతోనే గడిపేశాడు మహానుభావుడు.

గదికి అసలు యజమాని మాత్రం అటెండరక్క. నలభై అయిదు దాటిన మనిషి, అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. సీసాలు కడగడం, ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద పాత్రలో వాటిని ఆవిరితో ఉడికించడం, నా తెల్లకోటు వారానికోసారి ఇంటికి తీసుకెళ్ళి ఉతికి తేవడం ఆమె పని. పదకొండేళ్ళుగా టెంపరరీ. పర్మనెంట్ చేసే ఫైలు ఆ ఏడే కదలడం మొదలైంది. పుట్టిల్లు చీరాల దగ్గర, నూలుకు రంగులద్దే ఇల్లు. వాళ్ళ అమ్మ చేతులు రంగు నీళ్ళలో నాని నాని, పగిలి, చివరికి అన్నం ముద్ద కలుపుకోలేనంతగా పుండ్లయ్యాయట. మా పరిశోధన కూడా సరిగ్గా దాని గురించే. ఏ రంగు, ఎంత పాళ్ళలో, చర్మకణాలను ఎంత దెబ్బతీస్తుందో చూడటం. మనుషుల మీద చూడలేం కాబట్టి పెద్దాయన మీద చూడాలి.

ఈ మాట చెప్పిన రోజు ఆమె చాలాసేపు మైక్రోస్కోపులో కన్ను పెట్టి కదల్లేదు. "ఎవరి నాయనో గానీ, మా అమ్మకు రావాల్సిన దెబ్బ ఈయన తింటన్నాడన్నమాట" అంది. ఆ రోజు నుంచి పొద్దున్నే తాళం తీసి, ఇంక్యుబేటర్ అద్దంలోంచి తొంగిచూసి, నేను రాగానే "పెద్దాయన కులాసాగా ఉన్నారండి" అని చెప్పేది. కణాలకు అండి ఏంటని నేను నవ్వితే, "వయసులో పెద్దోరు గదమ్మా" అనేది.

కణాలు కుదురుకునేదాకా ఫ్లాస్కు తెరవలేదు, ఆ మొదటి వారం బాగానే గడిచింది. తరవాత మొదలయ్యాయి మా తిప్పలు.

ఒక సోమవారం చూద్దును గదా, ఫ్లాస్కులో ద్రవం పసుపు తిరిగి మడ్డిగా ఉంది. మైక్రోస్కోపులో పెడితే పెద్దాయన కణాల మధ్య గుండ్రటి చిన్న చిన్న పూసలు, వాటికి అంటుకుని పిల్ల పూసలు. ఈస్టు అనే బూజు పట్టింది. బాక్టీరియా రాకుండా ద్రవంలో మందు కలిపేవాళ్ళం గానీ దానికి ఈస్టు లొంగదు. పారబోశాం. పదిహేను రోజులకు ఇంకోటి. నెల తిరిగేసరికి ఒక్క ఫ్లాస్కూ మిగల్లేదు. మళ్ళీ హైదరాబాదు, మళ్ళీ నడుముకు కట్టుకోవడం. ఈసారి గైడు గారు ఫ్లాస్కు ఇస్తూ, "చావు లేని వాటిని కూడా చంపుతున్నావంటే నీకు దణ్ణం తల్లీ. ఇంకోసారి రాకు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తెచ్చిన రెండో పెద్దాయనకూ అదే గతి పట్టసాగింది. కొన్ని ఫ్లాస్కులు బాగుండేవి, కొన్ని పోయేవి. గది కడిగించాను, పెట్టె తుడిచాను, ద్రవం మార్చాను. చేతులు స్పిరిట్‌తో తోముకుని తోముకుని తోలు లేచిపోయింది. అయినా పోయేవి. ఇక మిగిలింది ఎవరు? సీసాలు ఉడికించే మనిషి.

"నువ్వు సరిగ్గా ఉడికించట్లేదు!" అని అరిచాను. కోపం రానప్పుడు ఆమెను అక్కా, మీరు అనేదాన్ని. కోపం వస్తే ఆ రెండూ ఎగిరిపోయేవి.

"లేదమ్మా, ముప్పావుగంట ఉడికిస్తన్నా" అంది మెల్లగా.

"అయితే ఈస్టు ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఆమె ఏదో చెప్పబోయి, నా చేతుల వైపు చూసి, నోరు మూసుకుంది. తప్పు చేసిన మనిషి కాబట్టే మాట రావడం లేదనుకున్నాను. ఏం మనిషినో నేను!

శుక్రవారం మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు గదికొచ్చి మడ్డి ఫ్లాస్కులు చూశారు. ఆయనది రేపల్లె. వారమంతా బాపట్లలో గది తీసుకుని ఉండి, శనివారం మధ్యాహ్నం ఇంటికెళ్ళేవారు. "ఇది పద్ధతిలో లోపమా, మనిషి లోపమా? పద్ధతిలో లోపమైతే గది మూసేద్దాం, ఆటలవాళ్ళు ఎలాగూ అడుగుతున్నారు. మనిషి లోపమైతే మనిషిని మార్చేద్దాం. ఏదో ఒకటి రాసివ్వండి. సోమవారం యాజమాన్యానికి పంపిస్తాను" అన్నారు.

పళ్ళు నూరుతూ అక్కడికక్కడే రాసిచ్చాను. అటెండరు నిర్లక్ష్యం వల్లే నష్టం జరుగుతున్నదని, ఆమెను తొలగించి వేరే మనిషిని ఇప్పించమని. ఆ కాగితం సోమవారం పైకి వెళితే ఆమె పర్మనెంట్ సంగతి అలా ఉంచి, ఉన్న ఉద్యోగమే ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఇక్కడ ఒక సొంత గొప్ప చెప్పుకోవాలి. మా వీధిలో నా హస్తవాసికి పేరు. మా ఇంట్లో ఇడ్లీపిండి గరిటెతో కలపరు, చేత్తోనే కలపాలి. చేతి వేడి తగిలితేనే పొంగుతుందని మా అత్తగారి శాసనం. ఆవిడ చేతికి పొంగదు, నా చేతికి గిన్నె దాటి పొంగుతుంది. సాయంత్రం కలిపి పెట్టేదీ నేనే, పొద్దున్నే రేకుల్లో పోసేదీ నేనే. పక్కింటి పిన్నిగారు కూడా గిన్నె పట్టుకొచ్చి, "ఒక్కసారి నీ చెయ్యి పెట్టు తల్లీ" అనేది. మోచేతి దాకా పిండి చేసుకుని, నాలుగు గిన్నెలు కలిపి, మిడిసిపడుతూ రైలెక్కేదాన్ని. అటెండరక్కకు కూడా డబ్బాలో నాలుగు ఇడ్లీలు తీసుకెళ్ళేదాన్ని. నెలలో మూడు రోజులు మాత్రం నాకు వంటింట్లోకి ప్రవేశం లేదు. ఆ మూడు రోజులూ అత్తగారే ఉప్మా చేసేది. పైకి సణిగేదాన్ని గానీ, నిజానికి అవి నాకు సెలవులు.

శనివారం మధ్యాహ్నం గదిలో ఒక్కదాన్నే కూర్చుని రోజువారీ పుస్తకం తెరిచాను. ఏ రోజు ఏ ఫ్లాస్కు మార్చామో, అది బతికిందో పోయిందో అందులో ఉంటుంది. అటెండరక్క తప్పును తేదీలతో సహా రుజువు చేసి, నా కాగితానికి ఇంకో కాగితం తగిలించాలని నా పట్టుదల. పోయినవాటికి ఎర్ర సిరాతో, బతికినవాటికి నీలం సిరాతో గుర్తు పెడుతూ పోయాను. నీలం గుర్తులన్నీ ఒకే చోట గుమిగూడాయి. నెలకు మూడు రోజులు. పై నెలా అంతే, మూడు రోజులు. ఆ పై నెల కూడా.

మొదట అర్థం కాలేదు. తరవాత తేదీలు చూశాను. మళ్ళీ చూశాను. గదిలో ఎవరూ లేకపోయినా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ మూడు రోజులూ నేను పిండి కలపని రోజులు.

చేతులు స్పిరిట్‌తో కడుక్కునేదాన్ని, నిజమే. కానీ గాజులు? డజను మట్టిగాజులు, పెళ్ళయిన దగ్గర్నుంచీ తీసి ఎరగను. సూది తీసుకుని గాజు మీద చెమ్కీ పని సందుల్లో గీకాను. ఆ పొద్దుటి పిండి ఎండిన తెల్లటి పొట్టు రాలింది. అద్దం పలక మీద ఒక చుక్క నీళ్ళలో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. గుండ్రటి పూసలు, వాటికి అంటుకుని పిల్ల పూసలు. పిండిని పొంగించేదీ ఈ ఈస్టే. అద్దాల పెట్టెలో చేతులు ఆడించినప్పుడల్లా గల్లుగల్లుమంటూ నేనే పెద్దాయన నెత్తిన ఇడ్లీపిండి చల్లుతున్నాను. వీధి వీధంతా మెచ్చుకున్న నా హస్తవాసి ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ కాగితం గుర్తొచ్చింది. హెడ్ గారి గదికి పరుగెత్తాను. తాళం వేసి ఉంది. కాగితం బ్యాగులో పెట్టుకుని మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయారన్నారు.

ఆదివారం పొద్దున తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. ఆ బండి ప్రతి స్టేషన్లోనూ తీరిగ్గా నిలబడి నా సహనాన్ని పరీక్షించింది. వేమూరు దాటేటప్పటికి హెడ్ గారికి చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకున్నాను. భట్టిప్రోలు వచ్చేసరికి వాటిలో సగం మగవాళ్ళ ముందు చెప్పలేని మాటలని గ్రహించాను.

హెడ్ గారు బనీనూ లుంగీతో వరండాలో పేపరు చదువుతున్నారు. నన్ను చూసి కంగారుగా లోపలికెళ్ళి చొక్కా తొడుక్కొచ్చారు. ఆయన భార్య నవ్వుతూ కూర్చోబెట్టి, ప్లేటు తెచ్చి నా ముందు పెట్టింది. ఇడ్లీలు. నాకు వాటి ముఖం చూడాలనిపించలేదు.

"సార్, తప్పు అటెండరక్కది కాదండి. నాదండి. పిండి వల్లండి" అన్నాను.

"ఏం పిండి?"

"ఇడ్లీపిండండి. నేను కలిపిన రోజుల్లో పోతున్నాయండి. కలపని రోజుల్లో బాగుంటున్నాయండి."

"కలపని రోజులేంటి? ఎందుకు కలపరు? ఆదివారాలా?"

"కాదండి. నెలకు మూడు రోజులండి."

"ఏ మూడు రోజులు? ప్రతి నెలా అవే తేదీలా? ఎవరు పెట్టారమ్మా ఈ సెలవులు?"

నేను ప్లేటులోకి చూస్తూ చెమటలు కక్కుతున్నాను. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య నుదురు కొట్టుకుంది. "నువ్వాగమ్మా. ఏవండీ, మీరొకసారి లోపలికి రండి" అని పిలిచింది. లోపల గుసగుసలు. తరవాత ఒక దగ్గు. ఆ తరవాత ఆపుకోలేని నవ్వు. అంత పెద్దమనిషి అలా నవ్వుతారని కాలేజీలో ఎవరూ అనుకుని ఉండరు.

బయటికొచ్చేటప్పటికి ముఖం గంభీరంగా పెట్టుకున్నారు. కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి ఒక కాగితం కాదు, రెండు తీశారు. ఒకటి నాది. రెండోదాన్ని నా వైపు తిప్పారు. వంకరటింకర అక్షరాలు, కింద అటెండరక్క సంతకం. సీసాలు సరిగ్గా ఉడికించని తప్పు తనదేనని, మేడంగారి పనిలో లోపం లేదని, గది మాత్రం మూయవద్దని.

"నిన్న పొద్దున వచ్చి ఇచ్చింది. నేనేం అడగలేదు. మనిషి లోపమైతే గది ఉంటుందని నేనన్న మాట విన్నట్టుంది" అన్నారు.

నేను ఆమె మీద అబద్ధం రాశాను, ఆమె నా కోసం తన మీదే అబద్ధం రాసుకుంది. హెడ్ గారు రెండు కాగితాలూ నా చేతిలో పెట్టి, "మీరే చింపండి. ఆవిడ ఫైలు రేపు నేనే పైకి పంపిస్తాను. గదికి నెలరోజులు టైమిస్తున్నా" అన్నారు. చింపాను. ఆయన భార్య బలవంతం మీద ఇడ్లీలు కూడా తిన్నాను. మా ఇంట్లోవాటంత బాగా పొంగలేదు, ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఆ సాయంత్రం నుంచి పిండి కలిపే పని మా ఆయనకు బదిలీ అయింది. "చర్మం మీది పరిశోధనకు నేనెందుకు బలి?" అని గొణుగుతూనే కలిపారు. ఇడ్లీలు విసిరితే కిటికీ అద్దం పగిలేలా వచ్చాయి. మా అత్తగారు ఒకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్దాయన చుట్టమే, మైల కాదు. లేకపోతే ఇంత తంటా పెట్టడు" అని తేల్చేసింది.

సోమవారం బాపట్ల గదిలోకి అడుగు పెడుతూనే, "పెద్దాయన కులాసాగా ఉన్నారండి" అంది అటెండరక్క, ఏమీ జరగనట్టే.

"పిండి సంగతి మీకు ముందే తెలుసా అక్కా?" అని అడిగాను.

సీసాలు సర్దుతూనే చెప్పింది. "తెలుసమ్మా. మీ కోటు ఉతికేది నేనే గదా. చేతుల అంచుల్లో ఎండిన పిండి రాలేది. మీరు ఇడ్లీలు తేని రోజుల్లో పెట్టినయ్యన్నీ బాగుండేయి. రెండు నెల్ల నాడే తెలిసింది."

"మరి చెప్పొచ్చుగా! నోరు లేదా నీకు?" క్షమాపణ చెప్పడానికి వెళ్ళి మళ్ళీ అరుస్తున్నాను.

"ఎట్టా చెప్పనమ్మా? మీకు చెప్తే మీరు ఊరుకుంటారా, పోయి సారుకు చెప్తారు. సారు అడిగితే ఎందుకో చెప్పాలి. అప్పుడు కాలేజీలో మగోళ్ళంతా మీ రోజులు వేళ్ళ మీద లెక్కేసుకోరూ? మీకు తలెత్తుకోనిస్తారా? నా ఉద్యోగమంటారా, సీసాలు కడిగే పని ఇంకెక్కడైనా దొరుకుద్ది. ఈ గది మూస్తే మావోళ్ళ చేతుల సంగతి ఎవరు చూస్తారు?"

నాకు ఏడుపు ఆగలేదు. "నన్ను క్షమించండక్కా" అన్నాను. అక్షరం అక్షరానికీ వెక్కిళ్ళు. ఆమె "ఊరుకోండమ్మా, ఊరుకోండి" అంటూ నా భుజం తట్టింది. ఆ మంచితనం ముందు నిలబడలేక, అరచేతుల్తో ముఖం తుడుచుకుని, ఏదో ఒక పనిలో పడదామని ఇంక్యుబేటర్ తలుపు మీద చెయ్యి వేశాను.

టప్పున నా మణికట్టు మీద దెబ్బ పడింది.

"ఆగండి! కళ్ళూ ముక్కూ తుడుచుకున్న చెయ్యి పెద్దాయన మీద పెడతారేంటి? పోయి కడుక్కురండి ముందు!"

పదకొండేళ్ళ నౌకరీలో ఆమె ఒక లెక్చరర్‌ను గదమాయించడం అదే మొదటిసారి. నేను మారు మాట్లాడకుండా వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చి, రెండు చేతులూ తిప్పి ఆమెకు చూపించాను.